మఱపు నేరము గాదు

గడచిన మాసమున నీ పుటలలో నిద్రను గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమున జీర్ణకోశమును గూర్చి వ్రాయ దలచియుంటిమి గాని, ఇంతలో నొక సోదరి వ్రాసిన జాబు మా సంకల్పమును మార్చినది. పేరు ప్రకటింపవలదని యామె కోరినది గావున, పేరును ఊరును విడిచి, సారమును మాత్రమే యిచట నిచ్చుచున్నాము. ఇట్టి జాబు వ్రాయదగిన గృహిణు లింకను పలువురు గలరని మా నమ్మకము.

ఆ సోదరి యత్తగారికి డెబ్బదియాఱు సంవత్సరములు. ఒకప్పు డామె ఊరిలో పేరుపడసిన యిల్లాలు. నూఱు విస్తళ్ల వంట నొంటిచేతితో నడపినది. ఆవకాయ పాళ్లు చెప్పుటకు నాలుగిండ్లవారు నామెనే పిలుచుకొని పోవుచుండెడివారు. రెండేండ్లనుండి యామెకు మఱపు పట్టుకొన్నది. అన్నము తిని, చేయి కడుగుకొని లేచిన కొంతసేపటికే "నాకు అన్నము పెట్టవేమే, అమ్మాయీ?" యని యడుగును. తాళపుచెవులు బియ్యపు డబ్బాలో తానే దాచి, పనిమనిషి దొంగిలించినదని గోల చేయును. పొరుగింటివారు వచ్చినప్పుడు, ప్రొద్దుటినుండి కోడలు మంచినీళ్లయిన నీయలేదని కంటనీరు పెట్టుకొనును. విన్నవారు కోడలివంక నదొక విధముగా చూతురు. కోడ లేమని సమాధానము చెప్పుకొనగలదు?

జాబు చివర నా సోదరి రెండు ప్రశ్నలు వేసినది. మొదటిది: ఇంత మఱచిన మనిషి, తెల్లవాఱగానే వాకిట చుక్కలు పెట్టి, పదునైదు చుక్కల ముగ్గు నొక్క గీతయైన తప్పకుండ వేయుచున్నదే, అది యెట్లు? రెండవది: మొన్న నొకనాడు కోడలు విసిగి గట్టిగా కసరినది. అరగంటకే యత్తగా రా మాటలన్నియు మఱచినది. ఏమి జరిగినదని మనుమ డడిగిన నేమియు చెప్పలేకపోయినది. అయినను కోడలి చేతి మజ్జిగ త్రాగలేదు. సాయంకాలమువఱకు నామె వంక చూడలేదు. "నిజముగా మఱచినచో నీ యలుక యెట్లు నిలిచినది? మఱపంతయు నటనయేమో యని నాకు పాపపుటాలోచన కలిగినది. నా సందేహము తీర్పుడు" అని యామె వ్రాసినది.

మా ప్రత్యుత్తరము ముందుగనే చెప్పుచున్నాము. అది నటన గాదు. ఆ సోదరి తన వంటింట నిలుచుండి గమనించిన యీ రెండు వింతలనే మెదడు శాస్త్రజ్ఞు లనేక సంవత్సరములు పరిశీలించిరి. వారికి దొరకిన సమాధానము లే యింటనైనను పనికివచ్చునవి గావున, కొంచెము వివరముగ చెప్పుదుము.

మనము చూచుట, వినుట, నడచుట, కోపించుట, ప్రేమించుట యన్నియు మెదడు వలనను, దానినుండి యొడలంతయు వ్యాపించిన నాడుల వలనను జరుగుచున్నవి. పెద్దవారి మెదడు తూకము సుమారు 1,300 మొదలు 1,400 గ్రాములు. అందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు గలవని లెక్క. ఇవి యన్నియు నొకే పని చేయవు. చూపున కొక భాగము, మాటల కొక భాగము, చేతి కదలికల కొక భాగము ముఖ్యములై యుండి, తమలో తాము వార్తలు పంపుకొనుచుండును.

జ్ఞాపకము మాత్ర మిట్లు విడివిడిగ నుండదనియు, అది యంతయు నొకే మూటయనియు చాలకాలము పలువురు తలచిరి. కాని మన యింటిలో బియ్యము గాదెలోను, ఊరగాయలు జాడీలలోను, నగలు పెట్టెలోను నుండును గదా. నగలపెట్టె పోయినంతమాత్రమున జాడీలోని ఊరగాయ చెడదు. జ్ఞాపకములును నట్లే వేర్వేఱు చోటుల వేర్వేఱు విధముల నిలుచునని రుజువైనది. ఆ రుజువునకు మూలపురుషుడు హెన్రీ మొలైసన్ అను నమెరికా దేశస్థుడు. అతనిని దీర్ఘకాలము పరీక్షించి యీ సత్యమును వెలికి దీసినది బ్రెండా మిల్నర్ అను విదుషీమణి.

హెన్రీ 1926వ సంవత్సరమున కనెక్టికట్ రాష్ట్రమున జన్మించెను. బాల్యమునుండియు నతనికి మూర్ఛలు వచ్చుచుండెను. వయస్సుతో నవి పెరిగి, ఎన్ని మందు లిచ్చినను తగ్గక, అతడు పని చేసికొని బ్రదుకుట కూడ దుర్లభమైనది. 1953లో, అతని కిరువదియేడవ యేట, హార్ట్‌ఫర్డు నగరమున విలియమ్ స్కోవిల్ అను శస్త్రవైద్యుడు మూర్ఛలను నిలుపు నాశతో నతని మెదడున రెండు ప్రక్కలను, కణతల లోపలి భాగమును కొంత కోసి తీసివైచెను. అందు హిప్పోకాంపస్ అను భాగము చాలవఱకు పోయెను. సముద్రమున నుండు గుఱ్ఱపుచేపను బోలియుండుటచే దాని కా గ్రీకు పేరు వచ్చినది.

మూర్ఛలు చాలవఱకు తగ్గినవి. బుద్ధి చెడలేదు, మాట తడబడలేదు, మర్యాద తప్పలేదు. చిన్ననాటి సంగతులు చక్కగా చెప్పెడివాడు. కాని క్రొత్తగా జరిగినదేదియు నతని మనసున నిలువదయ్యెను. ప్రతిదినము చూచు వైద్యు డతనికి ప్రతిదిన మపరిచితుడే. చదివిన పత్రికనే మరల క్రొత్తదానివలె చదివెడివాడు. 1955లో పరీక్షించి తేదీ యడుగగా 1953 అనియు, వయ సిరువదియేడనియు చెప్పెను. ఇట్టి ఫలితమును చూచి స్కోవిల్ వైద్యుడే, ఇట్లు రెండు ప్రక్కలను కోయవలదని తోడి వైద్యులను హెచ్చరించెను.

అప్పుడు పరీక్షింప వచ్చిన బ్రెండా మిల్నర్ 1918లో నింగ్లండున మాంచెస్టరు నగరమున పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, 1944లో కెనడా దేశమునకు వచ్చినది. 1952లో మాంట్రియల్ నగరమందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందినది. హెన్రీని చూచుటకై మాంట్రియల్ నుండి రాత్రి రైలెక్కి హార్ట్‌ఫర్డునకు పోవుచుండెడిది. ఎన్నిమాఱులు పోయినను హెన్రీ యామె నెఱుగడు. ప్రతిమాఱును మొదటి పరిచయమే. ఆమెయు స్కోవిలును గలిసి 1957లో ప్రకటించిన వ్యాసము శాస్త్రలోకమున మిగుల ప్రసిద్ధి గాంచినది.

ఒకనాడు మిల్నర్ 584 అను సంఖ్యను జ్ఞప్తియం దుంచుకొనుమని హెన్రీకి చెప్పి, కొంతసేపటికి వచ్చి యడుగగా నతడు సరిగా చెప్పెను. ఎట్లు జ్ఞాపకముంచుకొంటివని యడుగగా, ఆ యంకెలను కూడుచు, విడదీయుచు, మనసులో త్రిప్పుకొనుచుంటినని వివరించెను. ఆ వెంటనే మాట వేఱొకదానిమీదికి మరలగా సంఖ్యయు పోయెను, సంఖ్య నడిగిన సంగతియు పోయెను. కావున మనసులో త్రిప్పుకొనునంతసేపు పట్టియుంచు శక్తి వేఱు, దానిని రేపటికి దాచు శక్తి వేఱు అని తేలినది. మన పెద్దవారు చక్కగా మాటాడుచు, నవ్వుచు నుండి, లోపలికి పోయి వచ్చుసరికి యా మాటలన్నియు మఱచుట కిదియే కారణము. "ఇప్పుడే చక్కగా మాటాడినది గదా, మఱపెక్కడిది?" యని చూడవచ్చిన చుట్టము లనుట యందుచేతనే న్యాయము గాదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. మిల్నర్ ఒక కాగితముపై నక్షత్రమును రెండు గీతలతో వ్రాయించి, ఆ గీతల నడుమ పెన్సిలు నడపుమని హెన్రీకి చెప్పినది. అయితే తన చేతిని, కాగితమును నేరుగా చూడరాదు. ఎదుట నున్న యద్దములో మాత్రమే చూడవలెను. అద్దమున నన్నియు తలక్రిందులై కనుపించును గావున నది యెవరికైనను మొదట కష్టమే. సోదరీమణులు తీఱికవేళ ప్రయత్నించి చూడవచ్చును. హెన్రీ మూడు దినము లీ పని చేసెను. మొదటి దినమున తప్పులు పెక్కులు. మూడవ దినమున చేయి చక్కగా సాగినది. కాని తా నీ పని యంతకుముందు చేసినట్లు మాత్ర మతడెఱుగడు. చేయి నేర్చుకొన్నది, నేర్చుకొన్న సంగతి మనసునకు తెలియదు.

చేతిపనుల నేర్పు హిప్పోకాంపస్‌నకు లోబడినది గాదని దీనివలన తేలినది. అది మెదడు లోతున నుండు వేఱు ముడులలోను, వెనుక నుండు చిన్నమెదడులోను నెలకొనియుండును. అత్తగారు పెరటి మందారముల నిప్పటికిని దండ గ్రుచ్చగలుగుటయు, దీపమునకు వత్తులు చేయగలుగుటయు, పదునైదు చుక్కల ముగ్గు వేయగలుగుటయు నిందుచేతనే. అఱువదియేండ్లు వాకిట వంగి వేసిన ముగ్గు ఆమె చేతులలో నున్నది. ప్రొద్దున తిన్న యిడ్డెన మున్నచోట నది యుండదు.

రెండవ ప్రశ్న యింకను ముఖ్యమైనది. 1911లో జెనీవా నగరమున క్లాపరెడ్ అను వైద్యుడొకడు, క్రొత్త సంగతు లేవియు జ్ఞాపకముండని యొక రోగిణిని చూచుచుండెను. ఒకనాడు తన వ్రేళ్లనడుమ గుండుసూది దాచుకొని యామెతో కరచాలనము చేసెను. సూది గ్రుచ్చుకొన్న సంగతి యామె త్వరలోనే మఱచినది. కాని తరువాత నతడు చేయి చాపగా నామె తన చేయి వెనుకకు తీసికొన్నది. కారణ మడిగిన, సూటిగా చెప్పలేకపోయినది. ఇట్టి పరీక్షను మే మెంతమాత్రము మెచ్చము. అయినను దానివలన దెలిసిన విషయమును విడువరాదు.

ఇటీవల, 2010లో, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున హిప్పోకాంపస్ దెబ్బతిన్న యైదుగురికి దుఃఖము గలిగించు చలనచిత్ర భాగములను చూపిరి. వేఱొకమాఱు సంతోషము గలిగించువానిని చూపిరి. కొలది నిమిషములకే వారు చూచినదానిని చాలవఱకు మఱచిరి. దుఃఖము మాత్రము పోలేదు. ఎందులకు దిగులుగ నున్నదో తెలియకయే వారు దిగులుగ నుండిరి. 2014లో నాల్జైమరు వ్యాధి గల పదునేడుగురియందును నిట్టి ఫలితమే కనుపించినది. జరిగిన సంగతిని దాచు చోటు చెడినను, దానివలన గలిగిన సుఖదుఃఖములు మనసున కొంతకాలము నిలుచునని దీని తాత్పర్యము.

జాబు వ్రాసిన సోదరీ, మీ యత్తగారు మీ మాటలను మఱచినది నిజము. ఆమె మనసు నొచ్చి యుండినదియు నిజమే. ఆమె నటింపలేదు, పగయు పట్టలేదు. ఎందులకో తెలియని నొప్పితో సాయంకాలమువఱకు కూర్చుండినది. ఈ మాట మిమ్ము నిందించుటకు వ్రాయుటలేదు. రెండేండ్లు రేయింబగళ్లు సేవ చేసిన మనిషి యొకనాడు విసుగుట వింత గాదు. మఱియు దీనికి రెండవ ప్రక్క గలదు. మీరు తల దువ్వినది, వేడినీళ్లు తోడినది, ప్రక్కన కూర్చుండి యొక పాట పాడినది, ఇవియు నామె మఱచిపోవును. కాని వానివలన గలిగిన హాయి కొంతసేపయిన నామెతో నుండును. ఇంత చేసినను జ్ఞాపకముండదు గదా యని మీ సేవను వ్యర్థముగ నెంచకుడు.

ఇక నిందల మాట. 1901లో జర్మనీ దేశమున ఫ్రాంక్‌ఫర్టు వైద్యశాలకు 51 సంవత్సరముల గృహిణి యొకతె వచ్చినది. ఆమెకు మఱపుతోపాటు భర్తమీద ననుమానములు మెండు. ఆమె గతించిన తరువాత, ఆలోయిస్ ఆల్జైమరు అను వైద్యు డామె మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందలి వికారములను 1906లో వెల్లడించెను. ఆ వ్యాధి కాతని పేరే నిలిచినది. అది సాధారణముగ హిప్పోకాంపస్ ప్రాంతముననే మొదట ప్రవేశించి, క్రమముగ మిగిలిన భాగములకు ప్రాకును. అట్టివారి నిందలలో దురుద్దేశ ముండదు. తాళపుచెవులు తాను దాచిన సంగతి గుర్తులేదు, చెవులు కనుపించుట లేదు. ఆ నడిమి వెలితిని మనసు తనకు తోచిన కారణముతో పూరించుకొనును: ఎవరో తీసిరి. అన్నము తిన్న సంగతియు నట్లే. ఎవరును పెట్టలేదు.

మఱపు గల ప్రతి వృద్ధునకు నీ వ్యాధియే యని తలపరాదు. థైరాయిడు గ్రంథి మాంద్యము, బి12 అను విటమిను కొఱత, మనోవ్యాకులత, కొన్ని మందుల దోషము మొదలగువాని వలనను మఱపు గలుగును. ఇవి చికిత్సచే కుదురదగినవి. కావున "ముసలితనమున కిది సహజమే" యని యూరకుండక, మొదట వైద్యునికి చూపవలెను. హఠాత్తుగ నొక దినములో మతి తప్పినను, మాట ముద్దయైనను, ఒక ప్రక్క చేయి కాలు చచ్చుబడినను క్షణము జాగు చేయక వైద్యశాలకు చేర్పవలెను. ఆల్జైమరు వ్యాధిని పూర్తిగ మాన్పు మందు లేదు గాని, కొందఱకు కొంత యూరట నిచ్చునవి గలవు.

ఇంటిలో చేయదగినవి కొన్ని చెప్పెదము. "ఇప్పుడే తింటివి గదా" యని వాదింపరాదు. వాదమున గెలిచినను నలుకయే మిగులును. "ఇదిగో, పెట్టుచున్నాను, అత్తయ్యగారూ" అని, కొంచెము మజ్జిగయో, అరటిపండో చేతి కిచ్చుట మేలు. తాళపుచెవులు పోయినవన్నప్పుడు "నేనును వెదకెదను" అని కలిసి వెదకవలెను. వస్తువుల నెల్లప్పుడు నొకే చోట నుంచవలెను. చేతులకు తెలిసిన పనులు, ముగ్గు, వత్తులు, చిక్కుడుకాయలు త్రుంచుట వంటివి, అప్పగింపవలెను. తప్పైనను దిద్దరాదు. పొయ్యి దగ్గఱను, వీథి తలుపు దగ్గఱను మాత్రము కన్ను వేసియుండవలెను. దారితప్పిన నడుగువారికి తెలియునట్లు, ఇంటి చిరునామా వ్రాసిన చీటిని చీరకొంగున ముడివేయుట మంచిది.

గతించిన భర్తను గూర్చి "ఇంకను ఇంటికి రాలేదేమి?" యని యట్టివా రడుగుట గలదు. హెన్రీకి ప్రియమైన బంధువొకడు చనిపోయెను. ఆ వార్త విన్న ప్రతిమాఱు నతడు మొదటిమాఱు విన్నట్లే శోకించెడివాడని వ్రాసియున్నారు. మఱచి మరల నడుగును, మరల విని కుములును. కావున నట్టి వార్తను దినదినము చెప్పి క్రొత్తగాయము చేయనేల? "ఆయనకు పనసతొనలు మిక్కిలి యిష్టము గదూ?" యని ముచ్చట పాతదినములమీదికి మరల్చినచో మనసు తేలికపడును.

తుదకు, ఇంటిలోని మిగిలినవారికి నొక మాట. ఈ భారము నొక్క కోడలిమీదనే వేయుట ధర్మము గాదు. కుమారుడు రాత్రివేళ తల్లి ప్రక్కన నుండవచ్చును. ఆడుబిడ్డ యేటికి రెండు మాసములు తల్లిని తనయొద్ద నుంచుకొనవచ్చును. చోటు మాఱిన మఱపు గలవారు కలవరపడుదురు గావున, అట్లు కుదురనిచో నామెయే పుట్టింటికి వచ్చి, కోడలికి పది దినములు విశ్రాంతి నీయవచ్చును. పొరుగువారు విన్న నిందను వీథిలో మోయక, ఒక్క పూట వచ్చి యా పెద్దావిడ దగ్గఱ కూర్చుండవచ్చును. హెన్రీని సయితము ననేక సంవత్సరము లింట నుంచుకొని కనిపెట్టినది యతని తల్లి. తరువాత నతడు వృద్ధుల సంరక్షణాలయమున నుండి, 2008లో, 82 ఏండ్ల వయసున మరణించెను. అంతవఱకు శాస్త్రజ్ఞులు లోకమున కతని పేరు తెలియనీయక, రెండక్షరముల గుర్తుతోనే వ్యవహరించిరి. తన వలన లోకమున కెంత మేలు కలిగినదో, విన్నను, అతనికి జ్ఞాపకముండెడిది కాదు.

జాబు వ్రాసిన సోదరి యీ పుటను తన భర్తకును, పొరుగింటివారికిని చదివి వినిపింపవలెనని మా కోరిక. ఆ పెద్దావిడ రేపు వేయు ముగ్గును కాగితముపై దింపి మాకు పంపినచో సంతోషింతుము. జీర్ణకోశమును గూర్చి వచ్చు మాసమున వ్రాయుదుము.